వెలుతురు కారిన పడవ

డిగ్రీ పాసయ్యాను. మా బాపు వాళ్ల వైపు, అమ్మ పుట్టింటి వైపు ఎంత వెతికినా నాకంటే ముందు డిగ్రీ గడప తొక్కినవాళ్లు లేరు. ఫోన్‌లో ఫలితం చూసిన రోజు అమ్మ సిరిసిల్లలో మా గల్లీ అంతా లడ్డూలు పంచింది. ఇంటికి వచ్చేవాళ్లంతా ఆ కబురే నా నోట విందామని వస్తున్నారు. నేను దాన్ని రెండు ముక్కల్లో ముగించి, "అది సరే గని, జగిత్యాల పడవలు జేసెటోని సంగతి ఇన్నరా?" అని మొదలుపెడుతున్నాను. నాకు డిగ్రీ కంటే అదే పెద్ద వార్త. చెప్పిన ప్రతిసారీ కడుపు నిండినట్టుంటుంది. కాసేపటికే మళ్లీ ఆకలేస్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా నాన్నను మేం బాపు అంటాం. బాపు సాంచాల మీద పనిచేస్తాడు. సాంచా అంటే మరమగ్గం. మా గల్లీలో తెల్లవారితే మొదట వినిపించేది దాని చప్పుడే. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఆ చప్పుడు పలచబడింది. ఆర్డర్లు లేక షెడ్లు వారంలో సగం రోజులు మూసి ఉండేవి. అప్పుడు అమ్మకు ఒక ఆలోచన వచ్చింది. మానేరు మీద డ్యాం కట్టి నీళ్లు నింపాక, మా మేనమామ చెలక, అంటే మెట్ట చేను, ఒకటి నీళ్లకు అవతలి ఒడ్డున మిగిలిపోయింది. చెలక మునగలేదు, దానికి పోయే బాట మునిగింది. చుట్టూ తిరిగి పోతే సగం పూట దారిలోనే గడిచిపోతుంది. మామ విసుగొచ్చి దాన్ని బీడు పెట్టాడు.

"మనం జేద్దాం. బెండ, గోకర వెడ్దాం. ఒక పడవుంటె సాలు" అంది అమ్మ. గోకర అంటే గోరుచిక్కుడు.

అమ్మకు ఈత రాదు. బాపుకు వచ్చీ రానట్టు. మా ఇంట్లో ఎవరికీ పడవ గురించి ఏమీ తెలియదు. అడగగా అడగగా, జగిత్యాలలో రోడ్డు పక్కన ఒక వెల్డింగ్ షెడ్డు ఉందని చెప్పారు. గేట్లు, ట్రాక్టర్ ట్రాలీలు, నీళ్ల ట్యాంకర్లు చేసే మనిషి. చేపలు పట్టేవాళ్ల కోసం ఇనుప రేకుతో పడవలు కూడా చేస్తున్నాడట. పడవ మగవాళ్ల పని అని అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. బాపు వెంట నేను పోయాను.

షెడ్డు ముందు ఆకుపచ్చ రంగు వేసిన పడవ నిగనిగలాడుతూ ఉంది. షెడ్డుకు ఎదురుగా, రోడ్డుకు అవతల ఒక ఛాయ్ బండి, దాని చుట్టూ ఎప్పుడూ పది మంది మనుషులు. పడవలు చేసే మనిషి బయటికి వచ్చి బాపును కింది నుంచి పైదాకా చూశాడు.

"యాడికెళ్లి అచ్చిండ్రే?"

"సిరిసిల్ల."

"సాంచాలా?"

"ఔ."

అతని మొహం విప్పారింది. "ఇగ నీకు నేను జెప్పేదేంది? బట్ట ఎట్ల సూస్తవో గట్లనే సూడు. కండ్లు మూస్కొని చెయ్యి వెట్టు. యాడనన్న గరుకు తలిగితె పడవ ఈడనే ఇడ్శివెట్టి పో."

బాపు నిజంగానే కళ్లు మూసుకున్నాడు. సాంచా మీంచి దిగిన బట్టలో ఎక్కడ పోగు తెగినా, ఎక్కడ ముడి పడినా బాపు చెయ్యి ముందు పసిగడుతుంది, కన్ను తర్వాత చూస్తుంది. ఆ చెయ్యిని రేకు మీద పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. రెండు రేకులు కలిసే చోట కూడా చెయ్యి ఆగలేదు. కళ్లు తెరిచి నాతో, "పట్టు లెక్కుంది బిడ్డా" అన్నాడు. ఆ మాటలోని సంతోషం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ పడవల మనిషిని నేను క్షమించకపోవడానికి ఆ సంతోషం ఒక్కటి చాలు. ఆ రోజు మేం అతని పడవను చూడలేదు. అతనే మమ్మల్ని చూశాడు. ఈ మనిషి దేనికి పడతాడో ఒక్క ప్రశ్నతో తెలుసుకుని, బాపు చేతిలో ఉన్న పనితనాన్నే బాపుకు ఎరగా వేశాడు.

ఆ పడవనే కొని తెచ్చుకున్నాం. ఆ ఏడు వానలు పడ్డాక ఒక పొద్దున, అమ్మా బాపూ చెలక నుంచి తిరిగి వస్తున్నారు. పడవలో బెండకాయల సంచులు, ఒక గడ్డి మోపు. సంచులు మొయ్యడానికి నేను ఇవతలి ఒడ్డున నిలబడి ఉన్నాను. సగం నీళ్లు దాటాక అమ్మ కాళ్లు పైకి ముడుచుకోవడం కనిపించింది. "కాళ్లకు సల్లగ తలుగుతుంది" అందట. బాపు వంగి చూస్తే, అడుగున రేకులు కలిసే చోట నుంచి పెచ్చు ఒకటి ఊడి, రొట్టె ముక్కలా తేలుతోంది. గోడలకు సందులు పూడ్చే లప్పం. పైన ఆకుపచ్చ రంగు అలాగే ఉంది. అది ఊడిన చోటు నుంచి నీళ్లు బుగ్గలా పొంగాయి. తర్వాత నేను ఒడ్డున అరుస్తూనే ఉన్నాను. అంతకు మించి ఏం చేయగలిగాను? వలలు తీస్తున్న మనుషులు తెప్ప వేసుకుని వచ్చి అమ్మను జుట్టు పట్టి లాగారు. బాపు తెడ్డు పట్టుకుని తేలాడు. ఇద్దరూ బతికారు. ఒడ్డుకు వచ్చాక అమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. "నా చెప్పులు వోయినయ్" అంది.

ఆ తర్వాత అమ్మ చెలక మాట ఎత్తలేదు. బస్సు వంతెన మీద నుంచి పోతుంటే కళ్లు గట్టిగా మూసుకునేది.

తెప్పల వాళ్లే తాళ్లు కట్టి పడవను బయటికి లాగిపెట్టారు. దాన్ని ట్రాలీలో వేసుకుని బాపు, నేను జగిత్యాల పోయాం. బాపు గొడవకు పోలేదు. పని చెడితే చేసినవాడికి చూపించాలి కదా, సాంచాల దగ్గర అంతే కదా అనుకుని పోయాడు. "సూడే, గీడ ఊడింది" అని చూపించబోయాడు. ఆ మనిషి పడవ వైపు చూడనే లేదు. బాపు మొహానికి దగ్గరగా వచ్చి, ముక్కు ముందుకు పెట్టి, వాసన చూశాడు.

"పొద్దుగాలనే ఏశినవా?"

ఛాయ్ బండి దగ్గర అందరూ నవ్వారు. అతను వాళ్ల వైపు తిరిగి గొంతు పెంచాడు. "పడవ నడుపుడంటె సాంచా నడుపుడనుకున్నడు. తాగి రాయికి గుద్దిండు, పెండ్లాన్ని ముంచవోయిండు, ఇప్పుడు నా మీదికచ్చిండు!"

ఛాయ్ పోసే మనిషి అందరికంటే గట్టిగా నవ్వాడు. బాపు పండుగ పూట కల్లు తాగుతాడు, నేనేం దాచను. ఆ పొద్దున తాగింది మాత్రం ఛాయ్. పెట్టి ఇచ్చింది నేను. అది చెబుదామని నోరు తెరిస్తే బాపు నా చెయ్యి పట్టుకుని, "పా బిడ్డా" అన్నాడు.

మేం ఇల్లు చేరకముందే ఆ మాట సిరిసిల్ల చేరింది. సాంచాల షెడ్డులో బాపుకు కొత్త పేరు వచ్చింది. "మునిగిన పడవ అచ్చిండు, జరుగుండ్రి, తడుపుతడు!" అనేవాళ్లు. ఎగతాళికే అనేవాళ్లు, కాదనను. కానీ బాపు హోటల్‌కు పోయి ఛాయ్ తాగడం మానేశాడు. పనికి పోతూ వస్తూ రుమాలు మొహానికి చుట్టుకునేవాడు. ఎండకని చెప్పేవాడు, చలికాలంలో కూడా. ఆ వాసన చూసిన ముక్కును నేను మరిచిపోలేదు. ఆ మనిషి, అదే ఛాయ్ బండి ముందు, అదే మనుషులు వింటుండగా, పడవలో లోపం తనదేనని తన నోటితో అనాలి. అది వినే దాకా నేను ఊరుకోనని అనుకున్నాను.

డిగ్రీ జగిత్యాలలోనే చదివాను. కావాలని అక్కడే చేరానని ఇప్పుడు ఒప్పుకుంటాను. సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చిన ప్రతిసారీ ఆ షెడ్డు కనిపించే వైపు కిటికీ దగ్గరే కూర్చునేదాన్ని. తోటి పిల్లలు కిటికీ గాలి కోసం అనుకునేవాళ్లు. చూడగా చూడగా ఒకటి అర్థమైంది. అతను రోడ్డు మీదికి తెచ్చి పెట్టే ప్రతి పడవా రంగు వేసిందే. రంగు వేయని పడవ షెడ్డు వెనక, రేకుల చాటున ఉంటుంది. అక్కడికి ఎవరినీ పోనివ్వడు.

చేపలు పట్టేవాళ్లు ఎక్కడ కనిపించినా ఆపి అడిగేదాన్ని. అమ్మకానికి వచ్చిన చేపల గంపల దగ్గర, బస్టాండులో, ఎక్కడైనా. "మంచి పడవ అని ఎట్ల తెలుస్తది?" అంటే నవ్వేవాళ్లు. ఒక పెద్దాయన మాత్రం గంప దించి చెప్పాడు. "కొత్త పడవ ఎవడు జేసినా మంచిగనే కనవడ్తది బిడ్డా. ఆడు ఎనకట జేసిన పడవ ఇప్పుడెట్లున్నదో సూడు. నీ పడవనైతె రంగు వడకముందు సూడు. రంగు ఎయ్యంది సూపెట్టనోని కాడ తీస్కోకు, ఊకె ఇచ్చినా తీస్కోకు."

మిగతా సంగతి మా ఇంట్లోనే దొరికింది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు బాపు ఒక బట్టను తలుపు దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యికి తగలని తప్పు ఉంటే అలా చూస్తాడు. పోగు జారిన చోట బట్టలోంచి సన్నటి చుక్కలా వెలుతురు వస్తుంది. నేను అన్నం కంచం ముందు కూర్చుని ఉన్నాను. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. వెలుతురు వచ్చే చోట నీళ్లు రావా? ఆ రోజు బాపు పడవను చెయ్యితో చూసి ఆగిపోయాడు. వెలుతురుకు పట్టి చూడాలని తోచలేదు. పడవను ఎత్తి పట్టుకోలేం కదా. ఎత్తక్కర్లేదు, బోర్లించి కింద దూరితే చాలు.

పాసైన కబురు వచ్చిన రెండో రోజే ఇంట్లో అన్నాను, "పడవ కొందాం" అని. బాపు తల ఊపాడు. కోరుట్లలో ఒక మనిషి పని బాగుంటుందని తెప్పల వాళ్లు చెప్పారట.

"కోరుట్లనే కొందాం బాపు. ముందుగాల జగిత్యాల వోదాం."

"ఆని మొఖం సూడ నేను."

"నువ్వు సూడకు. ఆడు నీ మొఖం సూడాలె."

పొయ్యి దగ్గర ఉన్న అమ్మ వెనక్కి తిరగకుండానే, "నేనస్త" అంది. పడవ పేరు ఎత్తిన చోట అమ్మ గొంతు విని ఏళ్లయింది.

అమ్మ సంచిలో రెండే పెట్టాం. లడ్డూల డబ్బా ఒకటి. బాపు సాంచా మీద దిగిన దళసరి నల్లబట్ట ఒకటి, చీరల కింద లంగాలు కుట్టుకునేది.

జగిత్యాలలో దిగాక బాపు రుమాలు చుట్టుకుని ఛాయ్ బండి పక్కన బల్ల మీద కూర్చున్నాడు. బాపును ఎవరూ గుర్తు పట్టలేదు. అమ్మ, నేను షెడ్డుకు పోయాం. అమ్మను ఆ మనిషి ఎన్నడూ చూడలేదు. నేను అప్పుడు రెండు జడల పిల్లను. షెడ్డులో ఒక కుర్చీలో బీర్పూర్ నుంచి వచ్చిన చేపల ఆయన కూర్చుని ఉన్నాడు. తన పడవ ఎప్పుడిస్తావని అడుగుతున్నాడు.

"ఏం గావాలె చెల్లె?"

"పడవన్నా. ముందుగాల నోరు తీపి జేస్కో. డిగ్రీ పాసైన."

"మస్తు సంతోషం!" అని రెండు లడ్డూలు తీసుకున్నాడు. నములుతూ ముందున్న నీలం పడవ దగ్గరికి నడిపించాడు. "సదువుకున్నదానివి, నీకు నేను జెప్పేదేంది? చెయ్యి వెట్టి సూడు. పట్టు లెక్క లేకపోతె అడుగు."

అదే మాట. తీరు మారలేదు, ఆ రోజు బాపు అన్న 'పట్టు' కూడా అందులో చేరింది. నా ఒళ్లు జలదరించింది, సంతోషంతో.

"రంగు ఎయ్యంది సూపెట్టన్నా."

అతను నవ్వాడు. "పెండ్లిపిల్లను తయారు గాకముందు ఎవలన్న సూపెడ్తరా చెల్లె?"

"మేం లగ్గం జేస్కోమయ్యా. ఎక్కి కూసుంటం" అంది అమ్మ.

బీర్పూర్ ఆయన ఫక్కున నవ్వాడు. "సూపెట్టరాదే, అడుగుతున్నరు గద! ఎనుక ఉన్నది నాదే. నేను గూడ ఇంతవట్టి సూడలే."

పడవ యజమానే అడుగుతుంటే ఇక కాదనలేకపోయాడు. షెడ్డు వెనక రేకుల చాటుకు తీసుకుపోయాడు. రంగు పడని పడవ, ఇటుకల మీద బోర్లించి ఉంది. పక్కనే లప్పం డబ్బాలు మూత తీసి సిద్ధంగా ఉన్నాయి. అతను పిడికిలితో పడవ వీపు మీద గుద్దాడు. "ట్యాంకర్ రేకు ఇది. మీ మనుమల దాక అస్తది."

"లోపట సూస్తన్నా" అని నేను ఇటుకల సందులోంచి కిందికి దూరాను. అమ్మ సంచిలోంచి నల్లబట్ట తీసి, పడవ అంచు చుట్టూ నేల దాకా కప్పేసింది.

కాసేపు ఏమీ కనిపించలేదు. ఇనుము వాసన, నా ఊపిరి చప్పుడు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక తల పైకెత్తాను. చుక్కలు. రేకులు కలిసే ప్రతి గీత వెంటా చుక్కలు. కొన్నిచోట్ల గీతలు గీతలుగా వెలుతురు. అప్పుడు అర్థమైంది. నిండుగా అతకాల్సిన చోట అక్కడొకటి ఇక్కడొకటి అంటించి వదిలేశాడు. మధ్యన సందులు లప్పం కోసం మిగిల్చాడు. మా అమ్మ కాళ్ల కింద ఉన్నది ఇదే. నాకు ఏడుపు రావాలి, నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. లోపల నేను నవ్వితే బయటికి పడవంతా గంటలా మోగిందని అమ్మ తర్వాత చెప్పింది.

"బీర్పూర్ అన్నా! జర లోపటికి రావే. నీ పడవే గద!"

ఆయన లుంగీ ఎగ్గట్టి దూరాడు. నా పక్కన కూర్చుని పైకి చూశాడు. తర్వాత బట్ట అవతలికి వినపడేలా అరిచాడు. "ఓరి నీయవ్వ! నా పడవల సుక్కలు వొడిచినయ్ గదరా!"

ఆ అరుపుకు ఛాయ్ బండి దగ్గరివాళ్లు రోడ్డు దాటి వచ్చారు. ఏందేంది అని అడిగితే నేను బట్ట కొస ఎత్తి పట్టుకుని, "రాండ్రి, ఒక్కొక్కలు రాండ్రి" అన్నాను. జాతరలో గుడారం ముందు నిలబడ్డ మనిషిలా నిలబడి పంపించాను. ఒక్కొక్కరే వంగి పోవడం, లోపల "అబ్బో" అనడం, నవ్వుతూ బయటికి రావడం. ఛాయ్ పోసే మనిషి గిన్నె దించేసి మరీ వచ్చాడు. "లైట్లు వెట్టినవా ఏందే లోపట?" అన్నాడు బయటికి వస్తూ.

పడవలు చేసే మనిషికి మొదట ఏం జరుగుతుందో అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. నా చేతిలోంచి బట్ట లాగబోయాడు.

"ఏందమ్మా గీ తమాష? పని ఇంకా వొడువలే. లప్పం వెట్టి రంగు ఏస్తె గవన్ని మూస్కపోతయ్. ఒక్కటి గూడ కనవడది!"

అతను ఏమన్నాడో అందరికంటే ఆలస్యంగా విన్నది అతనే.

"మల్లొక్కసారి జెప్పన్నా" అన్నాను. "ఎనుకున్నోళ్లకు ఇనవడలే."

"అంటె అందరియి గిట్లనే అమ్మినవా?" బీర్పూర్ ఆయన ముందుకు వచ్చాడు. "లప్పం మీద మమ్ముల నీళ్లల్లకు తోలినవా?"

అప్పుడు గుంపు వెనక నుంచి బాపు వచ్చాడు. రుమాలు విప్పి భుజం మీద వేసుకున్నాడు. ఛాయ్ పోసే మనిషి నోరు తెరిచాడు. "గీయన… సిరిసిల్ల గదా? గా మునిగిన…"

బాపు మోకాళ్ల మీద వంగి పడవ కిందికి పోయాడు. మేమంతా బయట నిలబడ్డాం. బయటికి వచ్చాక మోకాళ్ల దుమ్ము నిదానంగా దులుపుకున్నాడు.

"సాంచా మీద గిట్లాంటి బట్ట దించితె మా సేటు గా దినమే ఇంటికి తోలుతుండె" అన్నాడు.

ఆ తర్వాత చేసింది నేను చెప్పి చేయించింది కాదు. నాకు ఆ ఆలోచనే రాలేదు, వచ్చి ఉంటే ఎంత గర్వపడేదాన్నో. బాపు నడుచుకుంటూ పోయి ఆ మనిషి ముందు నిలబడ్డాడు. మొహం దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని, వాసన చూశాడు. ఆ మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు. బాపు గుంపు వైపు తిరిగాడు.

"తాగలే. తెలివి మీదనే జేసిండు."

నవ్వు ఎలా లేచిందో నేను రాయలేను. అప్పుడు బాపు మీద నవ్విన గొంతులే అవి. ఈసారి ఆ నవ్వంతా పోయి అతని మీద పడింది. అతను "ఇగ వోండ్రి, వోండ్రి, పనున్నది" అంటూ షెడ్డులోకి పోయాడు. మీసం కొసకు నా లడ్డూ పొడి ఇంకా అంటుకునే ఉంది. బీర్పూర్ ఆయన కుర్చీ తెచ్చుకుని పడవ పక్కనే వేసుకున్నాడు. సందు లేకుండా అంతా అతికి, మళ్లీ ఆ బట్ట కిందికి దూరి చూశాకనే కదులుతానని కూర్చున్నాడు. నల్లబట్ట ఆయనకే ఇచ్చి వద్దామనుకున్నాను. అమ్మ ఇవ్వనియ్యలేదు. "కోరుట్లల పనున్నది దాంతోని" అంది. ఆయన నవ్వి, ఇంటి నుంచి దుప్పటి తెప్పించుకుంటానన్నాడు.

మేం రోడ్డు దాటుతుంటే ఛాయ్ పోసే మనిషి పరుగున గ్లాసు తెచ్చి బాపు ముందు పెట్టాడు. "కూసో అన్నా, తాగు."

"వద్దు తియ్. తాగిండంటరు మల్ల" అన్నాడు బాపు. గ్లాసు అలాగే అతని చేతిలో ఉండగా బస్సెక్కాం. కిటికీ దగ్గర సీటు బాపుకు ఇచ్చాను. రుమాలు భుజం మీదే ఉంది.

కోరుట్లలో ఉన్న మనిషి ఎలా ఉంటాడో అని నేను కోపం తగ్గకుండానే పోయాను. అతను కూడా ఏదో ఒక మాటతో ముస్తాబు చేసి అంటగడతాడని ఎదురుచూశాను. అడగకముందే రంగు వేయని పడవ దగ్గరికి తీసుకుపోయాడు. అతికిన గీతల మీద బయట నుంచి సున్నం పూసి, లోపల నుంచి గ్యాస్‌నూనె, అంటే కిరోసిన్, రాశాడు. సందు ఉంటే నూనె పాకి సున్నం మీద మరక పడుతుందట. కాసేపటికి ఒకచోట మరక పడింది. నేను వెంటనే వేలు పెట్టి చూపించాను, దొరికావు అన్నట్టు. "ఔ, ఉన్నది" అని సుద్దతో గుండ్రంగా గీసి, అక్కడ మా ముందే మళ్లీ అతికాడు. నేను పోట్లాటకు పోయి పోట్లాట దొరకని దానిలా నిలబడిపోయాను. రెండు కొసలా మూసిన గాలిపెట్టెలు చూపించాడు. నీళ్లు నిండినా పడవ పూర్తిగా మునగకుండా అవి పట్టుకుంటాయని చెప్పాడు. అతను చేసిన పాత పడవ ఒకటి బాగుకు వచ్చి పక్కన ఉంటే, అడుగు సొట్టలు పడి ఉంది గానీ అతుకులు ఎక్కడా విడలేదు.

అమ్మ నల్లబట్ట తీస్తే, "పర్దా మీరే తెచ్చుకున్నరా అక్కా?" అని నవ్వాడు. అమ్మ ఈసారి నన్ను పోనివ్వలేదు. తనే చీర కొంగు నడుముకు చుట్టి కిందికి దూరింది. ఎంతసేపటికీ రాలేదు. బాపు కంగారుగా వంగి, "ఏమన్న కనవడ్తుందా?" అని అడిగాడు.

"ఏం లేదు" అని లోపల నుంచి వచ్చింది గొంతు. "కటిక సీకటి."

ఆ మాట అంత సంతోషంగా అన్నవాళ్లను నేను ఎక్కడా చూడలేదు.

మొన్న పడవ నీళ్లలోకి దించాం. అమ్మ ఒడ్డున చాలాసేపు నిలబడింది. కొత్త చెప్పులు తొడుక్కుని వచ్చింది. బాపు చెయ్యి అందించాడు. అమ్మ ఎక్కి, నడుమ కూర్చుని, అవతలి ఒడ్డు చేరేదాకా తల ఎత్తలేదు. పక్కన మానేరు ఎంత అందంగా ఉందో చెప్పబోతే, "మాట్లాడకు" అంది. చూపంతా పడవ అడుగు మీదే. పడవ అవతలి మట్టికి తగిలి ఆగింది. అమ్మ వంగి అరచేత్తో అడుగంతా తడిమింది. చెయ్యి ఎత్తి చూసుకుంది. చీరకు తుడుచుకోవాల్సిన అవసరం రాలేదు.

"ఫోటో తియ్యి బిడ్డా."

"నీదా?"

"నా కాళ్లది."

పొడిగా ఉన్న రేకు మీద కొత్త చెప్పులతో అమ్మ రెండు కాళ్లు పక్కపక్కన పెట్టింది. తీశాను.

"ఇగ జగిత్యాలోనికి పంపు. నంబరు షెడ్డు మీద పెద్దగ రాసుకున్నడన్నవ్ గద."

బాపు తెడ్డు పక్కన పెట్టి, "ఏమన్న రాస్తవా దాని కింద?" అని అడిగాడు.

"ఏం రాయకు" అంది అమ్మ. "ఉత్తదే పంపు."

పంపాను. ముగ్గురం దిగకుండా పడవలోనే కూర్చుని ఫోన్ వైపు చూస్తున్నాం. కాసేపటికి వాట్సాప్‌లో ఫోటో కింద టిక్కులు రెండూ నీలమయ్యాయి.

"సూశిండా?"

"సూశిండమ్మా."

అమ్మ లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఒడ్డు మీదికి దిగింది. "గా బెండ ఇత్తనాల సంచి అందియ్యి" అంది.